స్టీలు అతుకు, రాడ్డు ఎంపిక



స్టెయిన్‌లెస్ స్టీలు ట్యాంకు చేయించి ఏడాది తిరక్కముందే అతుకుల వెంట ఎర్రగా చారలు దిగితే, డబ్బు పెట్టినాయన "రేకు మంచిది కాదు" అంటాడు. వెల్డింగు చేసినాయన "రాడ్డు మంచిది కాదు" అంటాడు. రాడ్డు అమ్మినాయన ఏమంటాడో నేను చెప్పక్కర్లేదు. ముగ్గురి మాటల్లోనూ ఎంతో కొంత నిజం ఉండొచ్చు. కానీ నేను చూసినంతలో అలాంటి చారలు చాలావరకు అతికిన తీరు వల్ల వచ్చినవే. ఆ తీరు గురించీ, దానికి ముందు దుకాణంలో ఏ రాడ్డు అడగాలన్న దాని గురించీ ఈ పూట మాట్లాడుకుందాం.

ఊరికే సూత్రాలు చెప్పుకోకుండా ఒక పని ఎదురుగా పెట్టుకుందాం. భీమవరం పక్కన ఒక రొయ్యల ప్లాంటుకి ట్యాంకు కడుతున్నామనుకోండి. 304 రకం ప్లేటు, 5 మిల్లీమీటర్ల మందం. కింద నిలబెట్టడానికి మామూలు ఇనప చానెల్ కాళ్లు, షెడ్డు భాషలో ఎం.ఎస్. కాళ్లు. మన దగ్గరున్నది ఇన్వర్టర్ మెషిను, హోల్డరు, రాడ్లు. ఆర్గాన్ సిలిండరు లేదు. ఉన్నా, ఆరుబయట గాలికి ఆ గ్యాసు నిలవదు. రేకు 2 మిల్లీమీటర్ల లోపైతే మాత్రం రాడ్డు పట్టుకోమని నేను చెప్పను. పడిన చిల్లులు పూడ్చుకోవడంతోనే పొద్దు గూకుతుంది, దానికి ఆర్గానే దారి. జీడిమెట్ల, పాశమైలారం లాంటి చోట్ల మందుల కంపెనీల్లో మందు పారే సన్న గొట్టాలకి ఆర్గాన్ అతుకు అడగడం అందుకే. మందం ప్లేటుకి, కాళ్లకి, బయటి పనికి, మరమ్మతుకి రాడ్డుతో ఉన్న సుఖం వేరు.

ముందు ఈ లోహం సంగతి. ఇనుములో కనీసం పదిన్నర శాతం క్రోమియం కలిస్తే, అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పైన ఒక పొర కడుతుంది. ఆ పొర మందం కొన్ని నానోమీటర్లే, కంటికి ఆనదు. గీత పడితే, చర్మం మీద గీరుకున్న చోటు మానినట్టు, దానంతట అదే మళ్లీ కట్టుకుంటుంది. షెఫీల్డులో 1913లో హ్యారీ బ్రియర్లీ తుపాకీ గొట్టాలకి పనికొచ్చే ఉక్కు వెతుకుతూ తుప్పు పట్టని క్రోమియం ఉక్కుని తయారు చేశాడు. దానికి ఏడాది ముందే జర్మనీలో క్రుప్ కంపెనీ వాళ్లు క్రోమియంతో పాటు నికెల్ కూడా కలిపిన ఉక్కుకి పేటెంటు కోరారు. మన ట్యాంకు ప్లేటు ఈ రెండో వంశానిది. 304లో క్రోమియం సుమారు 18 శాతం, నికెల్ సుమారు 8 శాతం. పైపొర మళ్లీ కట్టుకోవాలంటే అడుగున క్రోమియం తగ్గకూడదు, పైన పరాయి ఇనుము అంటుకుని ఉండకూడదు. అతుకు దగ్గర తుప్పు తెచ్చే తప్పుల్లో చాలావరకు ఈ రెండింట్లో ఏదో ఒకదాన్ని చెడగొట్టేవే.

ఇక దుకాణానికి వెళదాం. 304 ప్లేటుకి 304 రాడ్డు ఇమ్మంటే ఆయన నవ్వుతాడు, అలాంటి రాడ్డు లేదు. దానికి వాడేది 308. రేడియోలో ప్యాకెట్టు చూపించలేను కాబట్టి నెమ్మదిగా చెబుతాను, పెన్సిలుంటే రాసుకోండి. ముందు ఈ అనే ఇంగ్లీషు అక్షరం, తరువాత మూడు సున్నా ఎనిమిది, ఆ తరువాత ఎల్, ఒక అడ్డగీత, చివర పదహారు. ఈ308ఎల్-16. మనకి ఐ.ఎస్. 5206 అని భారతీయ ప్రమాణం ఉంది గానీ, కౌంటరు మీద నడిచేది మాత్రం అమెరికన్ వెల్డింగ్ సొసైటీ వారి ఈ నంబర్లే.

308 అంటే, రాడ్డు కరిగి దిగిన లోహంలో క్రోమియం 18 నుంచి 21 శాతం, నికెల్ 9 నుంచి 11 శాతం ఉంటుంది. అంటే ప్లేటు కన్నా ఒక మెట్టు పైన. ఆ హెచ్చుకి ఒక కారణముంది. పూర్తిగా ఆస్టెనైట్ అనే నిర్మాణంతో గడ్డకట్టే వెల్డు, వేడి మీదే సన్నగా చీలుతుంది. అందులో ఫెర్రైటు అనే ఇంకో నిర్మాణం కాస్త ఉంటే, చీలికలు తెచ్చే గంధకం, భాస్వరం లాంటి మలినాలను అది తనలో కలుపుకుని ఆ ముప్పు తగ్గిస్తుంది. ఆ కాస్త ఫెర్రైటు వచ్చేలా రాడ్డు పాళ్లు లెక్కకట్టి చేస్తారు. దీని వల్ల ఒక తమాషా జరుగుతుంది. కొన్నవాడు అయస్కాంతం తెచ్చి ప్లేటు మీద పెడితే అంటుకోదు, అతుకు మీద పెడితే కొద్దిగా లాగుతుంది. వెంటనే "ఇనప రాడ్డు వేసి మోసం చేశారు" అంటాడు. అలా కొద్దిగా లాగడం మంచి అతుకుకి గుర్తేనని ఆయనకి నెమ్మదిగా చెప్పాలి.

ఆ ఎల్ అక్షరాన్ని వదలొద్దు. ఎల్ ఉంటే కర్బనం 0.04 శాతం దాటదు, లేకపోతే 0.08 దాకా పోవచ్చు. సుమారు 425 నుంచి 850 డిగ్రీల వేడిలో ఎక్కువసేపు ఉంటే కర్బనం పక్కనున్న క్రోమియాన్ని లాక్కుని కార్బైడుగా మారుతుంది. అది రేణువుల అంచుల్లో జరుగుతుంది. ఆ అంచుల్లో క్రోమియం తరిగిపోయి, అక్కడి నుంచి తుప్పు లోహాన్ని లోలోపల తినేసుకుంటూ పోతుంది. వెల్డు బాగానే కనిపిస్తుంది, దాని పక్కన వేలెడు దూరంలో గీతగీసినట్టు ప్లేటు పాడవుతుంది. ఒకప్పుడు కర్బనం తగ్గించడం ఖర్చుతో కూడిన పని. అందుకని ఉక్కులో టైటానియమో నియోబియమో కలిపి కర్బనాన్ని వాటికి అప్పజెప్పేవారు. 321, 347 అలా పుట్టిన రకాలే. టైటానియం ఆర్కులో కాలిపోతుంది, వెల్డు దాకా చేరదు. కాబట్టి 321 ప్లేటుకి కూడా 347 రాడ్డే వాడతారు. కొలిమిలో ఆర్గానూ ఆక్సిజనూ కలిపి ఊది కర్బనాన్ని తీసేసే పద్ధతి 1960ల చివర్లో కర్మాగారాలకి ఎక్కాక తక్కువ కర్బనం ఉక్కు చవకైంది. ఇప్పుడు ఎల్ లేని 308 కొనడంలో నాకేమీ లాభం కనిపించదు, ఎర్రగా కాగే చోట బలం కోసం కావాలని ఎంచుకుంటే తప్ప.

చివరి రెండు అంకెలు పైపూత సంగతి చెబుతాయి. 16 అంటే రూటైల్ పూత. ఏ.సీ. మీదా నడుస్తుంది, డీ.సీ. మీదా నడుస్తుంది, నిలువు పనికీ లొంగుతుంది. 17లో సిలికా పాలు ఎక్కువ. స్లాగు, అంటే అతుకు మీద గట్టిపడే పెచ్చు, దానంతటదే లేచొస్తుంది, అతుకు నున్నగా, పాలిష్ పని తగ్గేలా వస్తుంది. చదునుగా పడుకోబెట్టి చేసే పనికి హాయి. నిలువుగా పైకి ఎక్కించేటప్పుడు మాత్రం పలచగా జారే దాని స్లాగు విసిగిస్తుంది. 15 అంటే సున్నపు పూత. డీ.సీ. తప్ప ఒప్పుకోదు, అతుకు ఉబ్బెత్తుగా గరుకుగా వస్తుంది, స్లాగు పీకడం కష్టం. అయినా చీలిక రాకూడని మందపు పనులకి, కష్టమైన పొజిషన్లకి దాన్నే కోరే వెల్డర్లున్నారు. మన ట్యాంకుకి 16 చాలు.

ఉప్పు సంగతి తేల్చకుండా ముందుకి పోకూడదు. ఆ ట్యాంకులో మంచినీళ్లే పోస్తారా, ఉప్పునీళ్లు నిలబడతాయా అని ప్లాంటు వాళ్లని ముందే అడగండి. ఉప్పులోని క్లోరైడు ఈ పొరని చుక్కలు చుక్కలుగా పొడుస్తుంది. దాన్ని ఇంకొంచెం తట్టుకోవడానికి 2 నుంచి 3 శాతం మాలిబ్డినం కలిపిన 316ఎల్ ప్లేటు ఉంది, దానికి రాడ్డు కూడా 316ఎల్. కొందరు 304 ప్లేటు తెచ్చి, "ఖరీదైన రాడ్డు వేశాను" అని 316 వాడతారు. ప్లేటు ప్లేటుగానే ఉంటుంది, అతుకొక్కటే బతుకుతుంది. దీన్ని తిరగేసి, 316 ప్లేటుకి 308 వేస్తే, ఇంత డబ్బు పోసిన ట్యాంకులో మొదట పొడిచేది అతుకునే.

ఇప్పుడు కాళ్లు. ఒకవైపు ఎం.ఎస్., ఒకవైపు 304. ఇక్కడ 308 వేస్తే ఏమవుతుందో చిన్న లెక్క చూడండి. రాడ్డుతో వేసిన అతుకులో నూటికి ముప్పై పాళ్లు అటూ ఇటూ ప్లేట్ల నుంచి కరిగి కలిసిందే అనుకుందాం. అందులో సగం ఎం.ఎస్., దానిలో క్రోమియం లేదు. రాడ్డులో 20 శాతం ఉన్న క్రోమియం అతుకులోకి వచ్చేసరికి 17 లోపుకి పడిపోతుంది. నికెల్ కూడా 8 దగ్గరికి వస్తుంది. 1949లో ఆంటన్ షెఫ్లర్ ప్రచురించిన ఒక పటం ఉంది, వెల్డింగు చదివినవాళ్లందరూ చూసే ఉంటారు. అందులో ఈ పాళ్లు పెట్టి చూస్తే అతుకులో మార్టెన్‌సైట్ వచ్చే చోటుకి చేరతాం. మార్టెన్‌సైట్ గట్టిది, కానీ పెళుసు. కాళ్ల మీద బరువు పడినప్పుడు చీలేది అక్కడే. అదే 309ఎల్ తీసుకుంటే రాడ్డులోనే క్రోమియం 22 నుంచి 25 శాతం, నికెల్ 12 నుంచి 14 శాతం. ఎం.ఎస్. వచ్చి పలచన చేసినా 19, 10 దగ్గర నిలబడతాం. అందుకే రెండు రకాల లోహం కలిసేచోట 309ఎల్. ఇంకో మాట, ఎం.ఎస్. కాలుని నేరుగా ట్యాంకు ఒంటికి అతకొద్దు. ముందు 304 ముక్కని ప్యాడ్‌లా 308ఎల్‌తో ట్యాంకుకి వెయ్యండి, ఆ ప్యాడ్‌కి కాలుని 309ఎల్‌తో వెయ్యండి. లోపల నీళ్లు తాకే వైపు ఇనుము జోలికి పోకుండా ఉంటుంది.

312 అని ఒక రాడ్డు ఉంది, క్రోమియం 28 నుంచి 32 శాతం. ఏ ఉక్కో తెలియని ముక్కని అతకాల్సి వస్తే ఆదుకుంటుంది, విరిగిన స్ప్రింగు పట్టీలూ పళ్ల చక్రాలూ దానితో నిలబెట్టినవాళ్లున్నారు. దాంట్లో ఫెర్రైటు చాలా ఎక్కువ, వేడిలో నిత్యం పనిచేసేచోట అది పెళుసెక్కుతుంది. తెలియని ఉక్కుకి వాడండి, తెలిసిన ఉక్కుకి దాని రాడ్డు వాడండి.

తెలిసిన ఉక్కు అన్నాను గానీ, మన బజార్లో అదే అసలు చిక్కు. అయస్కాంతం అంటుకోకపోతే 304 అనుకోవడం ఊరూరా ఉంది. 202 కూడా అయస్కాంతానికి అంటుకోదు. జె4 అని పిలిచే రకమూ అంటుకోదు. వాటిలో నికెల్ తగ్గించి మాంగనీసు పెంచుతారు. 202లో నికెల్ 4 నుంచి 6 శాతం ఉంటే, జె4లో సుమారు ఒక్క శాతమే. ఇంటి గ్రిల్లుకీ లోపలి మెట్ల రెయిలింగుకీ అవి చెడ్డవేమీ కావు, కాకినాడ, విశాఖ సముద్రపు గాలికి మాత్రం నిలవలేవు. వాటికీ 308ఎల్ రాడ్డే సరిపోతుంది. కానీ ఆ రాడ్డు వేసినంత మాత్రాన ప్లేటుకి 304 గుణం రాదు. ప్లేటు కొనేటప్పుడు మిల్లు టెస్ట్ సర్టిఫికెట్టు అడగండి, దాని మీది హీట్ నంబరు, అంటే పోత నంబరు, ప్లేటు మీది నంబరుతో కలిసిందో లేదో చూసుకోండి.

రాడ్డు తెచ్చాం. తుపాను గాలి ఉన్న రోజుల్లో ప్యాకెట్టు విప్పి రాత్రంతా బల్ల మీద వదిలేస్తే పూత తేమ పీల్చేసుకుంటుంది. పొద్దున వేసిన మొదటి అంగుళంలో సూదిపోటులా రంధ్రాలొస్తాయి, పూత ఒకవైపే కాలుతుంది. ఎండలో ఆరబెడితే ఆ తేమ పోదు. పూత రకాన్ని బట్టి 250 నుంచి 350 డిగ్రీల దాకా ఓవెన్‌లో గంటో రెండు గంటలో పెట్టాలి. తయారు చేసినవాళ్లు ప్యాకెట్టు మీద ఎంత రాస్తే అంతే, సొంత పద్ధతులొద్దు.

మెషిను దగ్గర ఎం.ఎస్. అలవాటుని పక్కన పెట్టాలి. ఈ లోహం కరెంటుకి అడ్డు ఎక్కువ, మామూలు ఇనుముకి నాలుగైదు రెట్లు. అందుకే రాడ్డు లోపలి తీగ తొందరగా ఎర్రబడుతుంది, చివరి రెండంగుళాల్లో పూత రాలిపోతుంది. 3.15 మిల్లీమీటర్ల ఎం.ఎస్. రాడ్డు 450 మిల్లీమీటర్ల పొడవులో దొరికితే, అదే లావు స్టెయిన్‌లెస్ రాడ్డు 350కే ఆగిపోవడం ఇందుకే. 2.5 రాడ్డుకి 50 నుంచి 80 ఆంపియర్లు, 3.15కి 80 నుంచి 110 మధ్య. ఎం.ఎస్.కి పెట్టే దానికన్నా పది, ఇరవై శాతం తగ్గించి మొదలుపెట్టండి. డీ.సీ. అయితే హోల్డరు ప్లస్‌కి.

వేడి ఎక్కువ పెడితే దాన్ని ఈ ప్లేటు వదిలించుకోలేదు. మామూలు ఇనుముతో పోలిస్తే వేడిని పాకించడంలో మూడో వంతు, వ్యాకోచంలో ఇంచుమించు ఒకటిన్నర రెట్లు. వేడి ఉన్నచోటే నిలబడి, ఉబ్బి, చల్లారాక ప్లేటుని గుంజేస్తుంది. అందుకే టాకులు, అంటే ముక్కల్ని ముందుగా పట్టి ఉంచే చిన్న అతుకులు, దగ్గరదగ్గరగా వెయ్యాలి, ఎం.ఎస్.కి నాలుగు వేసేచోట ఏడెనిమిది. ఒక చివర నుంచి వరసగా టాకు వేస్తూ పోతే అవతలి చివర గ్యాపు మూసుకుపోతుంది. రెండు చివర్లూ, తరువాత మధ్య, తరువాత ఆ మధ్యలకి మధ్య, ఇలా పోవాలి. ఒక రన్ను, అంటే ఒక వరస అతుకు, వేశాక ప్లేటు 150 డిగ్రీల కిందికి దిగేదాకా రెండోది మొదలుపెట్టకండి. ముందు వేడిచేసుకోవడం ఈ రకానికి అక్కర్లేదు. రాడ్డుని అటూ ఇటూ ఊపి వెడల్పుగా అల్లడం చాలామందికి ముచ్చట. ఇక్కడ మాత్రం సన్నని తిన్నని రన్నులే వెయ్యండి. ఆర్కు పొట్టిగా, తీగ లావు మించకుండా పట్టండి. ఆర్కు పొడుగైతే గాలిలోని నత్రజని వెల్డులో దూరుతుంది, దాంతో ఫెర్రైటు తగ్గుతుంది, ఇందాక చెప్పిన చీలికకి దారి తెరుచుకుంటుంది. రన్ను ముగించేటప్పుడు రాడ్డుని ఒక్కసారిగా లాగేయకుండా కొంచెం వెనక్కి జరిపి గుంట నింపి వదలండి. నక్షత్రంలాంటి పగుళ్లు వచ్చేది ఆ గుంటలోనే.

అతుకు వేస్తున్నప్పుడు ప్లేటు వెనకవైపు గాలి తగిలి నల్లగా, పంచదార అట్టకట్టినట్టు గరుగ్గా అవుతుంది. ట్యాంకు లోపలికి మనిషి వెళ్లగలిగితే అదంతా శుభ్రమైన లోహం కనిపించేదాకా గ్రైండు చేసి లోపలి నుంచి ఒక రన్ను వెయ్యడమే మార్గం. అలా వెళ్లే మనిషి ఊపిరి గురించి చెప్పకుండా నేను ముందుకి పోలేను. స్టెయిన్‌లెస్ రాడ్డు పొగలో ఆరు సంయోజకత గల క్రోమియం ఉంటుంది, ఆర్గాన్ వెల్డింగులో కన్నా రాడ్డు వెల్డింగులో చాలా ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2017లో వెల్డింగు పొగని మనిషికి క్యాన్సర్ తెచ్చే వాటి మొదటి వర్గంలో చేర్చింది. మొహానికి కట్టుకున్న తువ్వాలు ఆ పొగని ఆపదు. పొగ లాగే ఫ్యాను కావాలి, దాని మూతి అతుకు దగ్గర ఉండాలి, మొహానికి సరిపడే ఫిల్టరు మాస్కు కావాలి, బయట ఒక మనిషి కాపలా ఉండాలి. లోపల ఉక్కగా ఉందని ఆక్సిజన్ గొట్టం మాత్రం పెట్టకండి, ఒంటి మీది బట్ట భగ్గుమంటుంది. స్లాగు చల్లారుతూ టప్పున ఎగురుతుంది కాబట్టి షీల్డు పైకెత్తినా లోపల కళ్లద్దాలు ఉండాల్సిందే.

మొదట్లో అనుకున్న ఎర్ర చారల దగ్గరికొచ్చాం. పొద్దున ఎం.ఎస్. గేటు అరగదీసిన గ్రైండింగ్ వీలుతోనే మధ్యాహ్నం ట్యాంకు అతుకు అరగదీస్తే, ఆ ఇనప రజను స్టీలులో దిగబడిపోతుంది. మొదటి వానకి అది తుప్పు పడుతుంది. ఇనప తీగల బ్రష్షుతో రుద్దినా అంతే. స్టీలు పనికి వీలు వేరు, స్టెయిన్‌లెస్ తీగల బ్రష్షు వేరు, వీలైతే బల్ల కూడా వేరు. పక్కన ఎవరైనా ఇనుము కోస్తుంటే ఆ నిప్పురవ్వలు ప్లేటు మీద పడకుండా పట్టా కప్పండి. ఇంత జాగ్రత్తా మనిషికి కష్టం గానీ డబ్బుకి కష్టమేమీ కాదు, రెండు వీలులూ ఒక బ్రష్షూ ఖర్చు.

ఇక అతుకు పక్కన కట్టే రంగులు. లేత గడ్డిరంగు పరవాలేదు. నీలం, ముదురు గోధుమ, నలుపు ఉన్నచోట పొర కింద క్రోమియం తరిగిపోయిందని అర్థం. అలాగే వదిలేస్తే పొడుపులు మొదలయ్యేది అక్కడే. సన్నని వీలుతో తీసేయొచ్చు, లేదా పిక్లింగ్ పేస్టు రాయొచ్చు. ఆ పేస్టులో నైట్రిక్, హైడ్రోఫ్లోరిక్ యాసిడ్లు ఉంటాయి. హైడ్రోఫ్లోరిక్ చర్మం మీద పడితే మొదట మంట కూడా తెలియకపోవచ్చు, అది లోపలి ఎముక దాకా పోతుంది, ఒంట్లో కాల్షియాన్ని తినేస్తుంది. యాసిడ్‌కి తట్టుకునే చేతి తొడుగులు, మొహానికి అడ్డు, పక్కనే నీళ్ల ట్యాపు, కాల్షియం గ్లూకోనేట్ జెల్ ట్యూబు లేకుండా ఆ డబ్బా మూత తీయొద్దు. పని అయ్యాక ధారగా కడిగి, ఆ కడిగిన నీళ్లని సున్నంతో చంపాకే వదలాలి, పంట కాలవలోకి కాదు.

చివర లీకేజీ పరీక్ష. ట్యాంకు నింపడానికి మన డెల్టా ఊళ్లలో అందుబాటులో ఉండేది ఉప్పు బోరు నీళ్లు. వాటితో నింపి, పరీక్ష బాగుందని తాళమేసి పండక్కి ఊరెళితే, వచ్చేసరికి అడుగున నిలిచిన నీళ్లు కొత్త అతుకులని పొడిచి ఉంటాయి. మంచినీళ్లతో నింపండి, పరీక్ష కాగానే పూర్తిగా ఖాళీ చెయ్యండి, అడుగు మూలల్లో నిలిచిన నీళ్లు గుడ్డతో తుడిచి మ్యాన్‌హోల్ మూత తెరిచి ఆరనివ్వండి. ఆ తరువాతే ప్లాంటు వాళ్లని పిలిచి అప్పజెప్పండి.